‘వుల్’కు తల్లి ఎవరు?

ఆ మధ్య ఒక పెళ్ళి విందులో ఒక పెద్దాయన నా స్వెట్టర్ చూపించి, “ఇంగ్లీషువాడి ‘వుల్’ మన ‘ఊర్ణ’లోంచి పోయిందేనండీ, సంస్కృతం అన్ని భాషలకూ తల్లి కదా” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు ఊపారు. పూర్తిగా అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇందులో సగం నిజం ఉంది.

ఊర్ణ అంటే గొర్రె బొచ్చు. అదే ప్రాకృతంలో ‘ఉణ్ణ’ అయి, మన ‘ఉన్ని’ అయింది. (తెలుగు ద్రావిడ భాషే. గొర్రె మన సొంతం, ఉన్ని అరువు!) ‘వుల్’కూ ఊర్ణకూ చుట్టరికం ఉన్నమాట నిజమే. అయితే అది తల్లీపిల్లల వరసా, అక్కచెల్లెళ్ళ వరసా?

రక్షణ శాఖ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. రెండు రిజిస్టర్లలో ఒకే పద్దు కనిపిస్తే, ఒకదాన్ని చూసి రెండోది రాశారని వెంటనే అనం. రెండూ ఒకే వోచరు నుంచి ఎక్కించి ఉండొచ్చు. మార్పు ఎక్కడ జరిగిందో వెతకాలి.

ఉన్నిని లాటిన్‌లో ‘లానా’ అంటారు, లిథువేనియన్‌లో ‘విల్నా’. ఇంగ్లీషుతో సహా అన్నిట్లో ‘ల’. సంస్కృతంలోనూ, దాని తోబుట్టువైన అవెస్తా భాషలోనూ ‘ర’. ఇంకో పద్దు చూడండి. సంస్కృతం ‘పూర్ణ’, ఇంగ్లీషు ‘ఫుల్’, లాటిన్ ‘ప్లేనుస్’, లిథువేనియన్ ‘పిల్నస్’. మళ్ళీ అదే తేడా! పోనీ వాళ్ళకు ‘ర’ పలకదా అంటే, మన ‘త్రి’ని ఇంగ్లీషులో ‘త్రీ’, లాటిన్‌లో ‘ట్రేస్’, లిథువేనియన్‌లో ‘ట్రీస్’ అంటారు. ‘ర’ చెక్కుచెదరలేదు. సంస్కృతమే తల్లి అయితే, దూరదూరంగా ఉన్న ఇన్ని భాషలు కూడబలుక్కుని ఊర్ణలో, పూర్ణలో మాత్రమే ‘ర’ను ‘ల’ చేశాయనాలి. అసలు మాటలో ఉన్నదే ‘ల’, మన వైపు అది ‘ర’ అయింది అనుకుంటే లెక్క సరిపోతుంది. ఇంగ్లీషు వైపు ‘ల్న’ కాస్తా ‘ల్ల’ అయింది. అందుకే ‘వుల్’లో, ‘ఫుల్’లో ‘న’ కనబడదు.

ఒక్క మాట పోలిక మాత్రం సాక్ష్యం కాదు. ‘బద్నాం’లోని పారశీక ‘బద్’కూ ఇంగ్లీషు ‘బ్యాడ్’కూ అర్థం ఒకటే, చుట్టరికం లేదు.

1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతాన్ని పొగిడిన మాటలు మనవాళ్ళు తరచూ చెబుతారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ బహుశా ఇప్పుడు లేని ఒక మూలభాష నుంచి పుట్టి ఉండాలని ఆయన అక్కడే అన్నాడు. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆపేస్తారు.

పెద్దాయన ఓపిగ్గా విని, “అయితే ఆ తల్లి పేరేమిటి?” అన్నారు. రాత లేని కాలం నాటిదండీ, అదేమని పిలుచుకుందో తెలియదు, పండితులు ‘ఆది ఇండో-యూరోపియన్’ అంటారు అన్నాను. ఊహించి కట్టిన ప్రతి మాట ముందూ వాళ్ళు చిన్న చుక్కగుర్తు పెడతారు, ఇది ఎక్కడా రాసి దొరకలేదు సుమా అని.