క్లైవ్ సల్లివాన్: నడవడమే కష్టమన్నారు, ప్రపంచకప్ తెచ్చారు

క్లైవ్ సల్లివాన్ (1943–1985) వేల్స్‌లో పుట్టి, ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో పేరు తెచ్చుకున్న రగ్బీ లీగ్ ఆటగాడు. 1972లో గ్రేట్ బ్రిటన్ జట్టుకు నాయకత్వం వహించారు. ఒక ప్రధాన క్రీడలో బ్రిటన్ జాతీయ జట్టుకు కెప్టెన్ అయిన తొలి నల్లజాతి వ్యక్తి ఆయనే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సీనియర్ పురుషుల జట్టుకు నల్లజాతి కెప్టెన్ రావడానికి ఆ తర్వాత మరో 21 ఏళ్లు పట్టింది. అయినా ఆ ఆట ఆడే ప్రాంతాలు దాటితే ఆయన పేరు తెలిసినవారు తక్కువ.

కార్డిఫ్‌లోని స్ప్లాట్ ప్రాంతంలో, జమైకా మూలాలున్న కుటుంబంలో 1943 ఏప్రిల్ 9న సల్లివాన్ జన్మించారు. చిన్నతనంలోనే కాళ్లకు పలుమార్లు ఆపరేషన్లు జరిగాయి. మామూలుగా నడవడమే కష్టమని వైద్యులు భావించారు. అలాంటి కుర్రాడు సైన్యంలో చేరాడు, అక్కడే రగ్బీలో తన వేగాన్ని చూపించాడు.

రగ్బీలో యూనియన్, లీగ్ అని రెండు రకాలు. శనివారం మ్యాచ్ కోసం పని మానుకునే గని కార్మికులకు, మిల్లు కార్మికులకు పోయిన కూలి చెల్లించాలని ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు పట్టుబట్టి 1895లో విడిపోయాయి. అదే లీగ్. యూనియన్ మాత్రం 1995 దాకా డబ్బు తీసుకోని ఆటగానే కొనసాగింది. లీగ్‌లో ఆడినవారికి తిరిగి యూనియన్ తలుపులు తెరుచుకునేవి కావు. వేల్స్‌లో యూనియన్‌దే రాజ్యం కాబట్టి డబ్బు అవసరమైన వేల్స్ యువకులు ఉత్తరాదికి వెళ్లేవారు. కార్డిఫ్ నల్లజాతి ఆటగాళ్లకు ఇంకో కారణమూ ఉంది. వేల్స్ యూనియన్ జట్టు 1980ల వరకు నల్లజాతి ఆటగాడిని తీసుకోలేదు. 1953లో టైగర్ బే నుంచి విగన్ క్లబ్బుకు వెళ్లిన బిల్లీ బోస్టన్‌ది కూడా ఇదే దారి.

సల్లివాన్ 1961లో హల్ ఎఫ్‌సీ తరఫున అసలు పేరు బయటపెట్టకుండా ట్రయల్ మ్యాచ్ ఆడి మూడు ట్రైలు చేశారు. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకించడమే ట్రై. క్లబ్బు వెంటనే ఒప్పందం కుదుర్చుకుంది. మైదానం అంచున పరుగెత్తే వింగర్‌గా ఆ క్లబ్బుకు 250 ట్రైలు అందించారు.

1972 నవంబరు 11న ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ప్రపంచకప్ ఫైనల్. ప్రత్యర్థి ఆస్ట్రేలియా. స్టేడియంలో ప్రేక్షకులు నాలుగు వేల పైచిలుకే. సల్లివాన్ తమ సగంలో బంతి అందుకుని, వెంటపడినవారిని వెనక్కి నెట్టి, మైదానం పొడవునా పరుగెత్తి ట్రై చేశారు. అదనపు సమయం ముగిసినా స్కోరు 10–10. అంతకుముందు లీగ్ దశలో అన్ని మ్యాచ్‌లూ గెలిచినందుకు కప్పు బ్రిటన్‌కు దక్కింది. బ్రిటన్ మళ్లీ ఆ కప్పు గెలవలేదు.

ఇక హల్ సంగతి. నగరానికి పశ్చిమాన హల్ ఎఫ్‌సీ, తూర్పున హల్ కింగ్‌స్టన్ రోవర్స్. ఒక క్లబ్బును వదిలి రెండోదానికి వెళ్లిన ఆటగాడిని పాత అభిమానులు అంత తేలిగ్గా క్షమించరు. 1974లో సల్లివాన్ సరిగ్గా అదే పని చేశారు, అక్కడా 118 ట్రైలు చేశారు. 1980లో వెంబ్లీలో చాలెంజ్ కప్ ఫైనల్ ఈ రెండు క్లబ్బుల మధ్యే జరిగింది. రోవర్స్ 10–5తో గెలిచింది. 37 ఏళ్ల సల్లివాన్ గెలిచిన జట్టులో ఉన్నారు, ప్రత్యర్థి ఆయన పాత క్లబ్బు. అయినా రెండు వైపులా ఆయన మీద అభిమానం చెక్కుచెదరలేదు. హల్ రగ్బీ చరిత్రలో ప్రపంచకప్ కంటే ఇదే అరుదైన విషయం అనవచ్చు. తర్వాత ఆయన మళ్లీ హల్ ఎఫ్‌సీకే వచ్చారు.

1985 అక్టోబరు 8న, 42 ఏళ్లకే క్యాన్సర్ ఆయన్ను బలితీసుకుంది. హంబర్ వంతెన వైపు నుంచి నగరంలోకి వచ్చే ప్రధాన రహదారికి క్లైవ్ సల్లివాన్ వే అని పేరు పెట్టారు. ఆయన స్మారక ట్రోఫీ కోసం రెండు క్లబ్బులూ తలపడుతుంటాయి. కుమారుడు ఆంథోనీ సల్లివాన్ లీగ్‌లోనూ, యూనియన్‌లోనూ వేల్స్‌కు ఆడారు.

సొంత ఊరికి మాత్రం చాలా కాలం పట్టింది. 2023లో కార్డిఫ్ బేలో బోస్టన్, గస్ రిస్మన్, సల్లివాన్‌ల విగ్రహాలను ఆవిష్కరించారు. ఆ ముగ్గురిలో అప్పటికి జీవించి ఉన్నది బోస్టన్ ఒక్కరే.