సమంతకూట మార్గము

నేడు సింహళద్వీపమునకు విహారార్థము పోవువారికి మార్గదర్శక గ్రంథములు ఏకరువుపెట్టు స్థలములు పెక్కు కలవు. తూర్పుతీరమున అరుగంబే యొద్ద పలకమీద నిలిచి కెరటములపై స్వారి చేయవచ్చును. దక్షిణమున మిరిస్స రేవులో పడవ నెక్కి తిమింగిలములను చూడవచ్చును. యాల యడవిలో చిరుతపులి కంటబడునేమోయని జీపులో కాచియుండవచ్చును. ఈ వినోదములలో చాలభాగము నిన్నమొన్న పుట్టినవి. సిగిరియ మాత్రము వేరు. తండ్రిని చంపించి 5వ శతాబ్దమున రాజ్యమేలిన కాశ్యపుడు ఆ శిలమీద కట్టిన దుర్గము అతనితోడనే రాజధానిత్వమును పోగొట్టుకొనినను, తరువాత ననేక శతాబ్దములపాటు దానిని చూడవచ్చిన బాటసారులు అచటి నున్నని గోడమీద పద్యములు గీచిపోయిరి. పరణవితాన పండితుడు వానిలో 685 పద్యములను చదివి 1956లో ప్రకటించెను. చూచినచోటనెల్ల తన గుర్తు గీకి పోవు దురలవాటు ఈకాలమువారిదే యని నిందించువారు ఆ సంపుటము నొకసారి తిరుగవేయుట మంచిది. అయినను సిగిరియకు వచ్చినవారు ఒక శిథిలమును చూడవచ్చినవారు. ఎక్కుటయే ప్రధానముగా, ఎక్కినందుకు పుణ్యము ఫలముగా, వేయేండ్లకు పైబడి జనులు విడువక ఎక్కుచున్న కొండ ఆ దేశమున మరియొకటి కలదు.

అది శ్రీపాదపర్వతము, పాళీగ్రంథములు దానిని సుమనకూటమనియు సమంతకూటమనియు వ్యవహరించును. ఎత్తు 2,243 మీటర్లు. ఇంతకన్న ఉన్నతమైన శిఖరములు ద్వీపమున లేకపోలేదు. పిదురుతలగల 2,524 మీటర్లు. కాని అది మొద్దుగా పరచుకొనిన కొండ, ఎదుట నిలిచినవానికిని దాని పొడవు తెలియదు. శ్రీపాదమన్ననో, పర్వతపంక్తి నైరృతిపు అంచున కోసుగా, ఒంటిగా లేచి, పడమటి సముద్రమున పోవు ఓడవారికి తీరముకన్న ముందుగా కానవచ్చునట్టిది. దీనిని తొమ్మిది దినముల ప్రయాణదూరమునుండియే చూచితిమని ఒక యాత్రికుడు వ్రాసెను. అది అతిశయోక్తియే, అయినను నెలలకొలది నీటినే చూచి విసిగినవాని కన్నులకు నేల తొలుత ఈ శిఖరరూపమున దర్శనమిచ్చినపుడు లెక్క కొంత తప్పుట క్షమింపదగినదే.

శిఖరాగ్రమున బండమీద ఆరడుగులకు కొంచెము తక్కువ పొడవుగల పల్లము ఒకటి కలదు. బుద్ధుడు మూడవసారి లంకకు విచ్చేసినపుడు ఇచట పాదము మోపెనని మహావంశము చెప్పును. నిజమైన ముద్ర అడుగున నీలమణిమీద నున్నదనియు పైకి కనబడు రాయి దాని కప్పు మాత్రమేయనియు బౌద్ధుల విశ్వాసము. శైవులకు అది శివపాదము. స్వర్గమునుండి త్రోసివేయబడిన ఆదాము మొదట కాలూనినచోటు అదియేయని మహమ్మదీయులు చెప్పుదురు. క్రైస్తవులలో కొందరు సెయింటు తోమాసు పేరు తెచ్చిరి. 5వ శతాబ్దారంభమున రెండేండ్లు ద్వీపమున నివసించిన చీనా భిక్షువు ఫాహియాను ఆ పాదముద్రను గూర్చి విని వ్రాసెను.

ఇన్ని మతములవారు ఒక్క రాతిపల్లమును తమతమదిగా తలంచుచు కలహింపకుండుట మహాద్భుతమని మెచ్చుకొనుట యాత్రావృత్తాంతకారులకు పరిపాటి. కలహములు జరిగినవి, వాని ప్రస్తావన ముందు రాగలదు. నాకు మాత్రము ముద్ర చరిత్రకన్న ఆ ముద్ర కడకు పోవు దారి చరిత్రయే ఎక్కువ చదువదగినదిగా తోచుచున్నది. ముద్రను చేసినవాడెవ్వడో తన పేరు చెప్పుకొనలేదు. దారిని చేసినవారో, శాసనములు వేయించుకొనిరి.

వారిలో అగ్రగణ్యుడు మొదటి విజయబాహువు. వేంగి చాళుక్యుల బిడ్డ కులోత్తుంగుడు చోళసింహాసన మెక్కిన 1070వ సంవత్సరముననే, ఆ సింహాసనపు తబ్బిబ్బు తనకు కలిసివచ్చుటచేత, ఈ రాజు పొలొన్నరువనుండి చోళసైన్యమును వెడలగొట్టి ద్వీపమును ఏకచ్ఛత్రముగా పాలించెను. యాత్రికులు దుర్గమమార్గమున అన్నము లేక అలమటించుట చూచి గిలీమలె గ్రామమును వారి భోజనమునకై దానముచేసెనని చూళవంశమును, అంబగమువ శాసనమును చెప్పుచున్నవి. దారినిపోవువారికి అన్నము పెట్టుటకు ఒక ఊరి పంటయంతయు విడిచిపెట్టుట ఆ కాలమున సామాన్యమైన ఏర్పాటు కాదు. ఆ శాసనముననే మరియొక మాటయు కలదు: హీనజాతులుగా నెంచబడినవారు నిలిచి మ్రొక్కుటకు పాదముద్రయున్న ముంగిలికి దిగువన వేరొక తిన్నె కట్టించెనట. అన్నము పెట్టిన చేయియే అంతరువులును నిర్మించినది. దానశాసనములలో దీపమువంటి పుటనే చదివి రెండవ పుటను మడిచివేయుట మన చరిత్రకారులకు చిరకాలపు అభ్యాసము గనుక దీనిని ప్రత్యేకముగా ఎత్తిచూపుచున్నాను.

తరువాత నిశ్శంకమల్లుడు ఈ కొండ నెక్కెను. 13వ శతాబ్దమున రెండవ పరాక్రమబాహువు మంత్రి దేవపతిరాజు గంపొలనుండి సమంతకూటమువరకు అడవి కొట్టించి, బాట వేయించి, వాగులపై వంతెనలు కట్టించి, విశ్రాంతిశాలలు నిర్మించెను. రాజు పుణ్యమునకు మంత్రి చేతిపని ఇది. వంతెన లేనిదే ఈ యాత్ర ఎంత ప్రాణాంతకమో, ఒక్క రాత్రి వానతో మోకాటిలోతు వాగు మనిషిని కొట్టుకొనిపోవునట్టి ఆ కొండవాలులను చూచినవారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు.

దారిని గూర్చి అందరికన్న విపులముగా వ్రాసినవాడు మొరాకో దేశపు బాటసారి ఇబన్ బతూతా. అతడు 1344లో మాల్దీవులనుండి మాబరు అనబడు తమిళతీరమునకు పోవుచు, గాలి అనుకూలింపక పుత్తళం రేవున దిగెను. ఉత్తరలంక ప్రభువైన ఆర్యచక్రవర్తి ముత్యములు చూపి మర్యాదచేసి ఏమి కోరెదవని యడుగగా, ఈ ద్వీపమున అడుగిడినది మొదలు ఆదాము పాదమును దర్శించుటయే తన కోరికయని అతడు చెప్పెను. ఏటేట ఆ కొండకు పోవు అలవాటుగల నలుగురు జోగులను, ముగ్గురు బ్రాహ్మణులను, పరివారమునుండి పదుగురిని, సామాను మోయుటకు పదునేనుగురిని ఆ రాజు తోడిచ్చి పంపెను. మహమ్మదీయ యాత్రికునికి హిందూరాజు ఇచ్చిన తోడు జోగులును బ్రాహ్మణులును. వారందరు పోవుచున్నది బౌద్ధుల కొండకు. ఇందులో ఎవ్వరికిని వింత తోచినట్లు అతని వ్రాతలో కానరాదు.

అడవిలో జలగల బాధను అతడు చక్కగా వర్ణించెను. నీటి దాపుల చెట్లమీదను గడ్డిమీదను పొంచియుండి, మనిషి దగ్గరకు రాగానే మీదికి దూకి పట్టుకొనుననియు, జనులు నిమ్మకాయలు సిద్ధముగా నుంచుకొని వానిపై రసము పిండుదురనియు, అది ఊడిపడగనే ఆచోటును అందులకై తెచ్చుకొనిన కొయ్యకత్తితో గీకుదురనియు చెప్పెను. నిమ్మకాయయు కొయ్యకత్తియు యాత్రాసామగ్రిలో చేరియుండుట గమనింపదగినది. పెట్టెలో ఏమి పెట్టుకొనవలెనో అప్పటివారికి బాగుగా తెలియును.

శిఖరమునకు రెండు దారులు కలవనియు, ఒకటి బాబా అనగా ఆదాము దారి, రెండవది మామా అనగా హవ్వ దారియనియు అతడు చెప్పును. మామా దారి సులభము, తిరుగుప్రయాణమునకు పనికివచ్చును. ఎక్కుటకు దానిని పట్టినవాడు యాత్ర చేసినట్లు లెక్కకు రాడు. బాబా దారి కఠినము. పూర్వులు రాతిలో మెట్లు చెక్కి, ఇనుపమేకులు దిగగొట్టి, పట్టుకొని ప్రాకుటకు గొలుసులు వ్రేలాడదీసిరి. అట్టి గొలుసులు పది. పదవదానికి మహమ్మదీయుల విశ్వాసవచనపు గొలుసని పేరు, ఏలయన అచటికి చేరి క్రిందికి చూచినవాడు పడుదునను భయముచేత ఆ వచనమును తనంత తానే ఉచ్చరించును! ఈ గొలుసుల సంగతి అంతకు ముందే మార్కో పోలో వ్రాసియుండెను.

పాదముద్రయున్న బండలో తొమ్మిది గుంటలు త్రవ్వబడి, వానిలో యాత్రికులు బంగారమును రత్నములను ముత్యములను కానుకలుగా వేయుదురట. ఫకీరులు కొండకొమ్ము దాపుల గుహను చేరినదే తడవుగా, ఆ గుంటలలోనివి ముందుగా చేజిక్కించుకొనుటకు ఒకరినొకరు త్రోసికొనుచు పరుగెత్తుదురట. ఇబన్ బతూతా చేరునప్పటికి కొన్ని రాళ్లును కొద్దిపాటి బంగారమును మాత్రమే మిగిలియున్నవి. వానిని దారిచూపినవానికి ఇచ్చివేసెను. నిస్పృహతో ఇచ్చెనో, మిగిలినది స్వల్పమగుటచే ఇచ్చెనో మనము తీర్పు చెప్పనక్కరలేదు.

ఆ గుంటలే తరువాతి కలహములకు బీజములు. ముద్ర ఎవరిదన్న వాదముకంటె కానుక లెవరివన్న వాదమే ఈ కొండమీద బలమైనది. 16వ శతాబ్దపు సీతావక ప్రభువు మొదటి రాజసింహుడు పితృహత్య చేసెననియు, ఆ పాపమునకు నిష్కృతి లేదని భిక్షువులు చెప్పగా కలదని చెప్పిన శైవులను ఆశ్రయించెననియు చూళవంశకథనము. శ్రీపాదమును, దాని ఆదాయముతో కూడ, శైవులైన ఆండిలకు అప్పగించినవాడతడే. దానిని మరల భిక్షువుల కిప్పించినవాడు కీర్తిశ్రీ రాజసింహుడు. మధురనుండి వచ్చి 1739లో కండి సింహాసనమునకు వారసులైన, తెలుగు మూలముగల నాయకవంశమున రెండవ రాజీతడు. 1747 మొదలు 1782 వరకు పాలించెను. శైవకుటుంబమున పుట్టిన ఈ నాయకుడు సియాము దేశమునుండి భిక్షువులను రప్పించి ఉపసంపదను, అనగా భిక్షువుల ఉన్నతదీక్షను, పునరుద్ధరించుటయు, కుట్టాపిటియ గ్రామమును శ్రీపాదమునకు ధారపోయుటయు చూడగా, పరదేశీయుడన్న మాట పడకుండుటకు స్వదేశీయులకన్న ఎక్కువ బౌద్ధుడుగా నుండవలసిన అవసరము అతనికి ఎంత యుండెనో ఊహింపవచ్చును. దానివలన భక్తి కల్లయని నేననను. ఆ వంశపు కడపటి రాజును 1815లో ఆంగ్లేయులు పదభ్రష్టుని గావించి వేలూరికి పంపిరి. అతడు 1832లో అచటనే మరణించెను.

కండి పతనమైన ఆ సంవత్సరముననే మాల్కం అను ఆంగ్ల సైనికాధికారి శిఖర మెక్కెను. 1817లో వైద్యుడు జాన్ డేవీ ఎక్కి, పాదముద్రను కొలిచి, దాని చుట్టు నున్న లోహపు అంచును అందులో పొదిగిన రాళ్లను పరీక్షించి వ్రాసికొనెను. కొలతబద్దతో కొండ నెక్కు కాలము వారితో మొదలైనది. తరువాత కాఫీతోటలకై అడవులు నరుకబడినవి. 1869లో కనబడిన ఆకుతెగులు కాఫీని నాశనముచేయగా తేయాకు దాని స్థానమాక్రమించెను. తోటలకై వేసిన ఇనుపదారి 1884లో హట్టన్ చేరినది. అంతవరకు రత్నపురదిక్కున పలాబద్దలమీదుగా పోవు పొడవాటి దారియే రాజమార్గము. రైలు వచ్చినంతనే హట్టన్ దిక్కునుండి పోవు పొట్టిదారికి జనము మరలిరి. తమిళదేశమునుండి వచ్చిన తోటకూలీలు శివపాదమునకు మ్రొక్కుటకు ఎక్కినదియు ఈ దారినే. ఇప్పుడందు మెట్లు ఐదువేలకు పైబడియున్నవి.

యాత్రాకాలము మార్గశిరపు పౌర్ణమికి, ఇంచుమించు డిసెంబరులో, మొదలై మే నెలలో వైశాఖపౌర్ణమితో ముగియును. ఆరంభమున ఈ కొండకు అధిదేవతయైన సమన్ దేవుని విగ్రహమును పెల్మడుల్ల విహారమునుండి ఊరేగింపుగా పైకి కొనిపోయి, ముగియగనే క్రిందికి తెత్తురు. రాత్రివేళ దీపముల వరుసలో జనము ఎక్కుదురు. దిగువ చన్నీటి యేటిలో స్నానము. ఇందికటుపానయను చోట బుద్ధుడు చినిగిన చీవరమును కుట్టుకొనెనన్న ఐతిహ్యము ననుసరించి, ప్రతియాత్రికుడును సూదికి దారము గ్రుచ్చి సూదిని అచట నిలిపి, దారపుటుండను విప్పుచు మెట్లమీదుగా పైకి సాగును. వేలమంది దారములు పెనగొని బాటప్రక్కన తెల్లని వలగా వ్రేలాడుచుండును. దిగువారు ఎక్కువారిని కరుణావయి యని పలుకరింతురు. పైన గంట ఒకటి కలదు. ఎన్నవసారి ఎక్కితివో అన్నిసార్లు మ్రోగింపవలెను. తొలిసారి వచ్చిన యువకుడు ఒక్కమారు కొట్టి వెనుదిరుగగా, వెనుకనున్న ముసలమ్మ కొట్టుచునే యుండుట అచట నిత్యము కనబడు దృశ్యము.

సూర్యోదయమైన కొన్ని నిమిషములపాటు పడమటి పొగమంచుమీద కొండనీడ సమత్రిభుజమువలె పరచుకొనును. దీనిని 1880వ దశకమున రాల్ఫ్ అబర్‌క్రాంబీ అను వాతావరణశాస్త్రజ్ఞుడు పరిశీలించెను. ఏ కొండ నీడయైనను శిఖరమునుండి చూచువానికి దూరముపోయిన కొలది సన్నగిలి త్రికోణమగును. ఇది దృష్టిధర్మమే గాని ఈ కొండ విశేషము కాదు.

2010లో యునెస్కో శ్రీపాదారణ్యమును హార్టన్ మైదానములతోను నకల్స్ అడవితోను చేర్చి ప్రపంచ వారసత్వస్థలముగా ప్రకటించెను. నేటివారు ట్రెక్కింగు అను పేరుతో సంవత్సరము పొడవున రాదొడగిరి. వైశాఖము దాటినపిదప వచ్చువారు గుర్తుంచుకొనవలసిన దొకటి కలదు: మెట్లు అచటనే యుండును గాని, నైరృతి ఋతుపవనము దిగగనే దారిదీపము లార్పబడును, తేనీటి అంగళ్లు విప్పుకొని పోవుదురు, అన్నదానపు పందిళ్లు ఉండవు. గిలీమలె దానము చేసిన రాజు ఎవరి కష్టమును చూచి జాలిపడెనో, అచ్చముగా ఆ స్థితిలోనికి జూన్‌నెల యాత్రికుడు అడుగిడును. చేతిదీపమును, తినుటకు కొంత ఆహారమును, రెండు నిమ్మకాయలును అతడు తానే మోసికొనిపోవలెను.