లెక్క ఎవరికి? – జమాబందీ నుంచి ప్రజావేదిక దాకా

తెలుగు గ్రామంలో లెక్కకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఆ లెక్కను ఎవరు రాశారన్నది ఎంత ముఖ్యమో, ఎవరికి అప్పజెప్పారన్నదీ అంతే ముఖ్యం. స్థానిక పాలనలో నిధుల వినియోగంపై నేడు జరుగుతున్న పారదర్శకత చర్చను ఈ రెండవ ప్రశ్నతో పరిశీలిస్తే, లెక్క నడిచిన దిశలో వచ్చిన మార్పు స్పష్టమవుతుంది. అనంతపురం ప్రాంతం ఇందుకు అనువైన ఉదాహరణ.

గ్రామ కవిలెలు కరణాల అధీనంలో ఉండేవి. మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులలో అనేకం ఈ కవిలెల ఆధారంగా రూపొందినవే. 1800లో దత్తమండలాలు కంపెనీ పాలనలోకి వచ్చాక, 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ప్రతి రైతుతోనూ నేరుగా శిస్తు నిర్ణయించే పద్ధతిని అక్కడ అమలుపరిచాడు. రైత్వారీ విధానంలో కరణం రాసిన లెక్కలను ఏటా జమాబందీలో పై అధికారులు పరిశీలించేవారు. అడంగలు, చిట్టా వంటి లెక్కలు గ్రామం నుంచి కచేరీకి చేరేవి. రైతు చెల్లించవలసిన బాకీ అక్కడ తేలేది. అతడు చెల్లించిన శిస్తు దేనికి ఖర్చయిందో చెప్పడం జమాబందీ పనికాదు. అంటే లెక్క కింది నుంచి పైకి నడిచింది, జవాబుదారీ రైతుదే.

1882లో రిప్పన్ తీర్మానం, 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చిన తరువాత స్థానిక సంస్థలకు సొంత ఆదాయవ్యయాలు ఏర్పడ్డాయి. వాటిని తనిఖీ చేసింది కూడా ప్రభుత్వాధికారులే. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో వంశపారంపర్య కరణీకం రద్దయింది. ఆ రద్దుతో లెక్కపై ఒక వర్గానికున్న వారసత్వపు హక్కు పోయింది గాని, లెక్క గ్రామస్థుల ముందుకు రాలేదు. 73వ రాజ్యాంగ సవరణ అనంతరం వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం వార్షిక లెక్కలను, ఆడిట్ నివేదికను గ్రామసభ ముందు ఉంచాలని నిర్దేశించింది. అయితే లెక్కను సభ ముందు ఉంచడం వేరు, ఆ లెక్కను సభ పరీక్షించడం వేరు. పద్దుకు మూలమైన మస్టరు, బిల్లు, కొలతల పుస్తకం చేతికందనిదే మొత్తాలు విన్నవారికి నిజానిజాలు తెలియవు.

ఈ లోపాన్ని గుర్తించిన ఉద్యమం రాజస్థాన్‌లో మొదలైంది. 1990లో ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి బహిరంగ విచారణ జరిపింది. పనుల పత్రాలను ఊరివారి ముందు బిగ్గరగా చదివి, అందులోని వివరాలు నిజమో కాదో వారినే అడగడం దాని పద్ధతి. 1996లో బ్యావర్‌లో జరిగిన ధర్నా పత్రాల నకళ్ల కోసమే. 2005 నాటి సమాచార హక్కు చట్టం వెనుక ఈ అనుభవం ఉంది. అదే సంవత్సరం వచ్చిన ఉపాధి హామీ చట్టం 17వ విభాగం పనులపై సామాజిక తనిఖీ జరిపే బాధ్యతను గ్రామసభకు అప్పగించి, మస్టర్లు, బిల్లులు, వోచర్లు, కొలతల పుస్తకాలు అందుబాటులో ఉంచాలని పంచాయతీని ఆదేశించింది.

2006 ఫిబ్రవరి 2న ఈ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ఒకప్పుడు దత్తమండలాలలో చేరిన ఈ నేలపైనే లెక్క దిశ మారింది. ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని ప్రభుత్వ వ్యవస్థలో భాగం చేసి, 2009లో ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. కూలీల కుటుంబాల యువతీయువకులు శిక్షణ పొంది ఇంటింటికీ తిరిగారు. జాబ్‌కార్డులోని రోజులను మస్టరుతో, తవ్విన కాలువను కొలతల పుస్తకంతో సరిపోల్చారు. తేలిన అంశాలను గ్రామసభలో, ఆపై మండల స్థాయి ప్రజావేదికలో చదివి వినిపించారు. కూలీ తన పేరు, దానికెదురుగా రాసిన మొత్తం విని, ‘ఈ డబ్బు నాకు రాలేదు’ అని చెప్పగలిగే సందర్భం అది. సమాధానం చెప్పవలసినవారు అధికారులు. 2011 నాటి కేంద్ర నిబంధనలు ఆరు నెలలకొకసారి తనిఖీ జరపాలని, అందుకు నియమితులైనవారు ఆ పంచాయతీ నివాసులు కాకూడదని నిర్దేశించాయి.

ఈ మార్పును అతిశయించి చెప్పడం తగదు. ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను పరిశీలించి ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్ 2014లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, తనిఖీలు అక్రమాలను వెలికితీయగలిగాయి గాని వాటిని నిరోధించే శక్తి పరిమితంగానే ఉంది. తేలికగా పట్టుబడే అక్రమాల స్థానంలో గుర్తించడం కష్టమైనవి చోటుచేసుకున్న సూచనలు కనిపించాయి. దొంగ మస్టరును కూలీ పట్టుకోగలడు, ఎందుకంటే తన హాజరుకు తానే సాక్షి. సామగ్రి బిల్లుకు ఊరిలో అటువంటి సాక్షి ఉండడు. పైగా ప్రజావేదికలో రుజువైన సొమ్మును తిరిగి రాబట్టే అధికారం తనిఖీ బృందానిది కాదు; అది మళ్లీ పాలనాయంత్రాంగానిదే. ప్రశ్నించే హక్కు కిందికి దిగినా, శిక్షించే అధికారం పైనే ఉండిపోయింది.

2020లో ఈ-గ్రామస్వరాజ్ వచ్చిన తరువాత పంచాయతీల ఆదాయవ్యయాలు అంతర్జాలంలో కనిపిస్తున్నాయి. లెక్క గుప్తంగా ఉండే దశ దాటిందనడానికి ఇది నిదర్శనం. అయినా 1994 చట్టం ఎదుర్కొన్న సమస్యే ఇక్కడా పునరావృతమవుతున్నది. తెరపై మొత్తం కనిపిస్తుంది. దానిని తన అనుభవంతో సరిపోల్చుకోవడానికి గ్రామస్థునికి విడి పత్రం, చదివి వివరించే మనిషి, ప్రశ్నించడానికి సభ కావాలి. కోట్ కిరానాలోనూ, అనంతపురం పల్లెల్లోనూ లెక్కకు బలం చేకూర్చినవి ఈ మూడే.

సామాజిక తనిఖీ నివేదికలకు మరొక విలువ కూడా ఉంది. కైఫియత్తులు గ్రామాన్ని కరణాల కవిలెల ద్వారా చూపితే, ఈ నివేదికలు కూలీల వాంగ్మూలాల ద్వారా చూపుతాయి. ఎవరు ఎన్నాళ్లు పని చేశారు, ఎవరు వలసపోయారు, ఎవరి పేరు ఎవరు వాడుకున్నారు అన్న వివరాలు వీటిలో ఉన్నాయి. వీటిని పాలనా పత్రాలుగా మాత్రమే భావించక, కవిలెలు, కైఫియత్తుల సరసన గ్రామచరిత్రకు ఆకరాలుగా భద్రపరచి అధ్యయనం చేయవలసి ఉంది.