మెట్టుగూడ ఎర్రనేల, తెల్లద్రాక్ష

సికింద్రాబాదు స్టేషనుకు, తార్నాకకు నడుమ, లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు పొరుగున పెరిగిన మెట్టుగూడలో వైన్‌కు గౌరవస్థానం దక్కినది ప్రార్థనలోనే. ఇక్కడి సెయింట్ ఆంథోనీ పుణ్యక్షేత్రంలో దివ్యబలిపూజకు వాడే ద్రాక్షారసం, కతోలిక ధర్మశాస్త్రం ప్రకారం, ద్రాక్షపండ్ల నుంచి సహజంగా తీసినదై, చెడిపోనిదై ఉండాలి. తెలుపైనా ఎరుపైనా చెల్లుతుంది.

తెల్లద్రాక్షకు హైదరాబాదు ఒకప్పుడు పెట్టింది పేరు. అబ్దుల్ బాకర్ ఖాన్ ఇక్కడికి తెచ్చాడని చెప్పే అనాబ్-ఎ-షాహీ రకం నగరం చుట్టుపక్కల తోటలన్నిటా పందిళ్లకెక్కి, పెద్ద గుత్తులతో, నిడుపాటి లేత పసుపు పండ్లతో విరగకాసింది. అయినా దాని నుంచి ఏళ్లకేళ్లు నిలవుండే వైన్ పుట్టలేదు. అందుకు కారణం రైతు అసమర్థత కాదు, వాతావరణం.

దీనికి భిన్నంగా, ఫ్రాన్సులోని షాబ్లీలో, సెరాన్ నది కుడిగట్టు ఏటవాలు మీద, ప్రాచీన సముద్రపు చిన్న ఆల్చిప్పలు శిలాజాలుగా మిగిలిన సున్నపురాతి బంకనేలలో షార్డొనే ద్రాక్ష పండుతుంది. ఆ వాలు అదనపు నీటిని నిలవనివ్వక, ఎండను నేరుగా అందిస్తుంది. చల్లని వాతావరణం పండులోని పులుపును కాపాడుతుంది. తెల్లవైన్‌ను పదేళ్లు, పదిహేనేళ్లు నిలబెట్టే ముఖ్యబలం ఈ పులుపే కనుక, అక్కడ రాతికి దక్కే కీర్తిలో సగమైనా చలికి దక్కవలసి ఉంది.

మెట్టుగూడ నేల గ్రానైటు అరిగి ఏర్పడిన ఎర్రమొరం. పాత ఇళ్లలో పరచిన తాండూరు బండ సున్నపురాయే అయినా, అది పాదాల కింది రాయే తప్ప తీగ వేరు తాకిన రాయి కాదు. ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల దగ్గర తీగకు శీతకాలపు నిద్ర ఉండదు కాబట్టి, వేసవిలో కొమ్మలను పెంచడానికి ఒకసారి, అక్టోబరులో కాపు కోసం మరొకసారి కత్తిరిస్తారు. పండు ఎండలు ముదిరే వేళకు చేతికొస్తుంది కనుక, వైన్‌ను నిలబెట్టే ఆ పులుపు దానిలో మిగలదు. అనాబ్-ఎ-షాహీలో తీపి సుమారు 14 నుంచి 16 శాతం; మంచి వైన్‌కు సాధారణంగా 20 శాతానికి పైబడి కావాలి.

అనాబ్-ఎ-షాహీని వైన్ కొలతతో తూచడం అన్యాయం. అది తినే పండు, ఆ కోవలో మేటి. విత్తులేని థామ్సన్ రకం, బూజు తెగులు, ఇళ్ల స్థలాల ధరలు కలిసి ఆ తోటలను నగరం నుంచి చెరిపివేశాయి. తాతల నాటి దస్తావేజుల్లో ద్రాక్షతోట ప్రస్తావన గానీ, పందిరి కింద తీసిన పాత ఫొటో గానీ ఉన్న కుటుంబాలు వాటిని పారేయక భద్రపరచాలి.