పోత ఇనుప చేతి పంపు

భూగర్భ జలాన్ని చేతితో తోడేందుకు పోత ఇనుముతో చేసిన యంత్రం. 19వ శతాబ్దంలో యూరప్, అమెరికాలలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. తెలుగునాట చేతి పంపును బోరింగు అనీ అంటారు.

పనితీరు: పిడిని కిందికి నొక్కితే గొట్టంలోని ముషలకం (పిస్టన్) పైకి లేచి లోపలి పీడనం తగ్గుతుంది. బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. సిద్ధాంతరీత్యా ఈ ఎత్తు సుమారు 10 మీటర్లు, ఆచరణలో 7 మీటర్లు. ముషలకానికి ఉన్న తోలు వాషరు ఎండితే గాలి చొరబడుతుంది. అప్పుడు పైనుంచి చెంబెడు నీళ్లు పోసి కొట్టాలి.

వారసత్వ విలువ: కొయ్య అచ్చును ఇసుకలో అద్ది, కరిగిన ఇనుము పోసి చేసినందున తయారీదారు పేరు, లతల నగిషీ పంపు ఒంటిమీదే ఉబ్బెత్తుగా నిలుస్తాయి. బెర్లిన్ వీధుల్లో సుమారు 2,000 పంపులను అత్యవసర అవసరాల కోసం ఉంచారు. వాటిలో పాత అలంకృత పంపులు కొన్ని రక్షిత కట్టడాలు. 1854లో కలరా వ్యాపించినప్పుడు, నీటివల్లే అది సోకుతోందన్న వైద్యుడు జాన్ స్నో వాదన మేరకు లండన్ బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడిని తొలగించారు. నేడు అక్కడ పిడి లేని నమూనా పంపు ఆ ఘట్టాన్ని గుర్తుచేస్తుంది.

భారతదేశంలో: ఒక ఇంటి వాడకానికి తగిన పోత ఇనుప పంపులు ఊరంతటి తాకిడికి ఆగలేదు. వాటి స్థానంలో 1970లలో యునిసెఫ్ సహకారంతో ఉక్కు పంపు ‘ఇండియా మార్క్-2’ రూపొందింది.

పరిరక్షణ: పోత ఇనుము పెళుసు. సుత్తి దెబ్బకు పగులుతుంది, అతకడమూ కష్టం. తుప్పును మెల్లగా తీసి రంగు వేయాలి. మందంగా పూస్తే పోత అక్షరాలు పూడిపోతాయి.