రోడ్డుకు అవతల చెల్లె ఇల్లు

పొద్దున ఆరు కాలేదు. హయత్‌నగర్‌లో, హైవేకు దగ్గరి కాలనీ గల్లీలో డెబ్బై దాటిన ఒక పెద్దమ్మ వెంట నడుస్తున్నారు మీరు. వాకిళ్లలో సాన్పు చల్లుతున్నారు. ఆమె అడుగు చురుగ్గానే పడుతోంది.

"షుగరుకు రోజు నడువుమన్నడు డాక్టరు. నడుస్తనే ఉన్న బిడ్డా."

గల్లీ మలుపు దాటగానే నడక మారిపోయింది. ఎవరిదో ఇంటి ర్యాంపు దారిలోకి దిగింది, పక్కనే మ్యాన్‌హోల్ మూత పైకి లేచి ఉంది. ఇక చూపు నేల మీదే, చెయ్యి గోడ మీదే. మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్ ఉంది గానీ ఆ ఎత్తు ఆమె మోకాళ్లకు అందదు. బండ్ల పక్కనుంచే పోతోంది. ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించొద్దని, కనీసం 1.8 మీటర్ల వెడల్పు నడకకే వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది.

ఇదిగో ఎన్‌హెచ్ 65. ఇటు ఎల్బీనగర్, అటు విజయవాడ. లారీ పోతుంటే చీర కొంగు ఎగిరింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. మూడు లేన్లంటే పదిన్నర మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచేవారికి తొమ్మిది సెకన్లు చాలు. ఆమెలా 0.8 మీటర్లే నడిచేవారికి పదమూడు కావాలి. ఆ నాలుగు సెకన్ల భయమే ఆమెను ఇవతల నిలబెట్టింది.

అవతల సొంత చెల్లె ఉంటుంది. "ఫోన్ల మాట్లాడుకుంటం" అంటుంది.

వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలని, మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే వ్యాయామం చేయాలని పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కానీ పడతానన్న భయం మనిషిని ముందే ఇంట్లో కూర్చోబెడుతుంది. కూర్చుంటే తొడల్లో కండ కరుగుతుంది, కండ కరిగితే నిజంగానే పడతారు. దీన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. పైగా కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరు మోస్తున్న ఊరిది. ఒకప్పుడు నడిచొచ్చేవాళ్లను తలచి, ఆ కాలపు మసీదు ప్రాంగణం చుట్టూ బాటసారుల కోసం గదులు కట్టించిన ఊరు.

ఆమె రోడ్డు దాటలేదు. వెనక్కి తిరిగి, మందుల షాపు అరుగు మీద కూర్చుంది. ఆ దారిలో కూర్చోవడానికి మరో చోటు లేదు.

"గీ ఫుట్‌పాత్ గట్టు జర కిందికి జేసి, రోడ్డు నడిమిట్ల ఆగనీకి ఇంత జాగ ఇస్తే సాలు బిడ్డా. సగం దాటి నిలబడ్త, ఊపిరి తీస్కొని మిగిలింది దాట్త. చెల్లె కాడికి నేనే పోత."