పురుగుమందుల భారం ఎవరి ఒంటిమీద? గుంటూరు, ప్రకాశం పత్తి-మిరప ప్రాంతంలో సామూహిక ఆరోగ్య రక్షణ

సారాంశం
గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ప్రాంతంలో పురుగుమందుల వల్ల కలిగే అనారోగ్యాన్ని రైతు అజాగ్రత్త కింద జమకట్టడం పరిపాటి. మాస్కులు, చేతితొడుగుల గురించి చెప్పే సదస్సుల కంటే ఊళ్లోకి వచ్చే విషాన్నే తగ్గించే సామూహిక ప్రయత్నం ఎక్కువ మేలు చేస్తుందని, ఆ మేలు కూలీలకూ అందాలంటే నిర్ణయంలో వారికి చోటుండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం
సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను నమ్ముకున్న పత్తి రైతుకు 1987 నాటికి శనగపచ్చ పురుగు లొంగలేదు. తెల్లదోమ విజృంభించింది. 1987-88లో ఈ రెండు జిల్లాల్లోనూ పత్తి రైతుల ఆత్మహత్యలు నమోదయ్యాయి. 2021-22లో మిరపను నల్ల తామర పురుగు ముట్టడించినప్పుడు మళ్లీ పిచికారీలే పెరిగాయి. చాలాచోట్ల మందుల దుకాణదారే సలహాదారు, అరువిచ్చేవాడూ అతనే. అందువల్ల ఏ మందు ఎన్నిసార్లు కొట్టాలో తేల్చడంలో రైతు మాట కంటే అప్పు మాటే ఎక్కువ చెల్లుతుంది.

నష్టం ఎవరిది?
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు గ్రామాల్లో 50 మంది పత్తి రైతు మహిళలు తమకూ, ఇంట్లో మగవారికీ పిచికారీ తర్వాత కనిపించిన లక్షణాలను ఒక పంటకాలమంతా నమోదు చేశారు. మాన్చిని బృందం 2005లో ప్రచురించిన ఆ అధ్యయనం ప్రకారం 323 ఘటనల్లో 83.6 శాతం స్వల్పం నుంచి తీవ్రం వరకు విషప్రభావ లక్షణాలతో ముడిపడినవే. ఆరు శాతం పిచికారీల్లో నరాలపై ప్రభావం అతి తీవ్రంగా ఉన్నా ఒక్కరూ వైద్యుడి దగ్గరికి వెళ్లలేదు. భూస్వాముల కంటే సన్నకారు రైతులే తీవ్రంగా దెబ్బతిన్నారు.

గట్టుమీద డ్రమ్ములో చిక్కటి మందు పోసి, కర్రతో కలిపి, బిందెతో ట్యాంకు నింపే పని తరచూ ఆడవాళ్లది. మందు కొట్టే పనికి ఇది ఏమాత్రం తీసిపోని ప్రమాదమని అదే అధ్యయనం తేల్చింది. అయినా హెచ్చరికలన్నీ స్ప్రేయర్ మోసేవాడికే.

సామూహిక మార్గం
2000ల మొదట్లో నాటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పురుగుమందులు మానేసింది. 2004 నుంచి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఈ పద్ధతిని మహిళా సంఘాల ద్వారా విస్తరించింది. 2016లో గుంటూరు కేంద్రంగా రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం చేపట్టింది. 2024లో ఈ కార్యక్రమం గుల్బెంకియన్ పురస్కారాన్ని పంచుకుంది. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, పసుపు జిగురు అట్టలు, ఎరపంటగా బంతి, గట్ల వెంట జొన్న: ఇవేవీ కొత్తవి కావు. కొత్తదల్లా సలహా దుకాణం నుంచి కాక తోటి రైతు నుంచి రావడం, పెట్టుబడి సంఘం పొదుపు నుంచి దొరకడం.

ఒక్కొక్కరి జాగ్రత్త కంటే ఊళ్లోకి వచ్చే విషాన్నే తగ్గించడం మేలన్న వాదానికి శ్రీలంక అనుభవం బలమిస్తుంది. అక్కడ 180 గ్రామాల్లో పురుగుమందులు దాచుకోవడానికి ఇళ్లకు తాళం పెట్టెలిచ్చి చేసిన ప్రయోగంలో విషం తాగే ఘటనలు తగ్గిన ఆధారం దొరకలేదని 2017లో లాన్సెట్ ప్రచురించింది. అత్యంత విషపూరిత మందులను నిషేధించాక మాత్రం ఆత్మహత్యల రేటు గణనీయంగా పడిపోయింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని నిషేధించింది.

సమానత్వం
సంఘంలో తీర్మానం చేసేది సాగుదారులు. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చే వలస కూలీలకు అక్కడ సభ్యత్వం ఉండదు. ఏటా భూమి చేతులు మారే కౌలు రైతుకు నేల బాగయ్యేదాకా ఆగే వెసులుబాటు తక్కువ. సొంత పొలమున్న రైతును మాత్రమే చేరే కార్యక్రమం సగటు ఆరోగ్యాన్ని పెంచవచ్చు గాని అంతరాన్ని తగ్గించదు.

ముగింపు
కాబట్టి మూడు పనులు జరగాలి. మందు కొట్టాక ఎన్నాళ్లకు కోతకు దిగాలో గ్రామ సంఘం కూలీలతో కలిసి నిర్ణయించి అమలు చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో స్వల్ప విషప్రభావాలనూ నమోదు చేయాలి. కౌలు రైతులకు సంఘం రుణంలో ప్రాధాన్యమివ్వాలి. విజయానికి కొలమానం ఎన్ని ఎకరాలు మారాయన్నది ఒక్కటే కాకూడదు. మందు కలిపే మహిళ ఆరోగ్యం ఎంత మెరుగుపడిందన్నదీ లెక్కలోకి రావాలి.